నిటారు శిఖరానికి ఒక్కరోజు ట్రెక్: దిగే దారి నుంచి లెక్క వేసుకుని సిద్ధమవడం ఎలా?

"నిటారు కొండ ఎక్కాలంటే ఎలా ప్రిపేర్ అవ్వాలి?" అని అడిగేవాళ్లందరి ఆలోచనా ఎక్కడం మీదే ఉంటుంది. ఆయాసం ఎలా తగ్గించుకోవాలి, స్టామినా ఎలా పెంచుకోవాలి, పైకి చేరడానికి ఎన్ని గంటలు పడుతుంది. దిగడం గురించి అడిగినవాళ్లు నాకు దాదాపు తగల్లేదు. కానీ నేను చూసినంతలో మనుషులు ఇబ్బంది పడేది దిగేటప్పుడే. మోకాళ్లు వణికేది అప్పుడే, నీళ్లు అయిపోయేది అప్పుడే, కాలు జారేది అప్పుడే, చీకటి పడేదీ అప్పుడే.

అందుకే ఇందులో ప్రతి అడుగునూ దిగే దారిని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను. పొద్దున బయల్దేరి అదే సాయంత్రం తిరిగొచ్చే ట్రెక్‌ల కోసం రాసింది ఇది. తాళ్లు, మంచు గొడ్డళ్లు కావలసిన పర్వతారోహణకి ఇది చాలదు. గుండె, ఊపిరితిత్తులు, బీపీ, మోకాళ్ల సమస్య ఏదైనా ఉంటే ముందు డాక్టర్‌తో మాట్లాడాకే మిగతాది చదవండి.

## 1. ముందు కొండను మ్యాప్‌లో చదవండి

చాలామంది "మొత్తం ఎన్ని కిలోమీటర్లు?" అని మాత్రమే చూస్తారు. నిటారు కొండకి ఆ అంకె సగం సంగతే చెబుతుంది. మీకు కావలసింది ఎన్ని మీటర్ల ఎత్తు ఎక్కాలి అన్నది. శిఖరం ఎత్తు వేరు, మీరు ఎక్కే ఎత్తు వేరు. 2,000 మీటర్ల శిఖరానికి 1,400 మీటర్ల దగ్గర నడక మొదలైతే ఎక్కేది 600 మీటర్లే. మధ్యలో దిగి మళ్లీ ఎక్కే చోట్లుంటే అవీ కలపండి.

వాలు ఎంతో తెలియడానికి నేను వాడే కొలత ఇది. ఎక్కే ఎత్తుని ఒకవైపు దూరంతో భాగించండి. కిలోమీటరుకి 100 మీటర్లు వస్తే మామూలు ఎక్కుడు. 150 దాటితే నిటారు. 200 దాటితే మొదటి ట్రెక్‌గా పెట్టుకోకండి.

ఇది సగటు మాత్రమే. కాంటూర్ గీతలుండే (ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గీతలు) మ్యాప్ దొరికితే గీతలు ఒకదానికొకటి దగ్గరగా వచ్చిన చోటు వెతకండి. అదే అసలైన నిటారు భాగం. అది శిఖరానికి దగ్గర్లో ఉంటే మీరు బాగా అలిసిపోయిన సమయంలో దాన్ని ఎక్కి, వెంటనే దాన్నే దిగాలి.

మ్యాప్ మీద గుర్తు పెట్టుకోవలసినవి:

- దారులు చీలే చోట్లు
- చివరిసారి నీళ్లు దొరికే చోటు
- చేతులు కూడా వాడి ఎక్కాల్సిన బండలు
- మధ్యలో మానేసి దిగాలనుకుంటే తొందరగా కిందికి చేర్చే దారి
- చెట్లు అయిపోయి గాలికీ పిడుగుకీ ఎదురు నిలిచే గట్టు ఎక్కడ మొదలవుతుందో

అనుమతి పత్రాలు, దారి మూసే రోజులు, లోపలికి పంపే వేళలు ఆ కొండను చూసుకునేవారిని అడిగే తెలుసుకోవాలి. నిరుటి సమాచారాన్ని నమ్ముకోకండి.

## 2. టైం లెక్క సూర్యాస్తమయం నుంచి వెనక్కి వేయండి

స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తోంది. ప్రతి 5 కిలోమీటర్ల నడకకి ఒక గంట. ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట కలపాలి. ఇది మంచి ఫిట్‌నెస్ ఉన్నవాళ్లు ఆగకుండా నడిస్తే పట్టే సమయం. మొదటిసారి నిటారు కొండకి వెళ్లేవాళ్లు దానికి సగం అదనంగా కలుపుకోవాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒకవైపు 6 కిలోమీటర్లు, ఎక్కే ఎత్తు 1,000 మీటర్లు. నడకకి 1 గంట 12 నిమిషాలు, ఎత్తుకి 1 గంట 40 నిమిషాలు, మొత్తం 2 గంటల 52 నిమిషాలు. సగం కలిపితే దాదాపు 4 గంటల 15 నిమిషాలు. దిగడానికి, వాలు నిటారు కాబట్టి, ఎక్కిన సమయంలో మూడొంతులు పెట్టుకోండి: 3 గంటల 15 నిమిషాలు.

ఇప్పుడు వెనక్కి రండి. సూర్యాస్తమయం సాయంత్రం 6 గంటలకి అనుకుందాం. రెండు గంటలు చేతిలో ఉంచుకుంటే 4 గంటలకి కింద ఉండాలి. అంటే శిఖరం దగ్గర దిగడం మొదలుపెట్టాల్సింది 12:45కి. ఇదే మీ వెనుదిరిగే సమయం. శిఖరం కంటికి కనబడుతున్నా, ఇంకో ఇరవై నిమిషాలే ఉందని ఎవరన్నా, 12:45 అయితే వెనక్కి తిరగాలి.

పైన అరగంట విశ్రాంతి తీసేస్తే పొద్దున 8 గంటలకి మొదలుపెట్టినా సరిపోతుందని లెక్క చెబుతుంది. నేనైతే 6 గంటలకే కదులుతాను. ఎండ ముదరకముందే కష్టమైన భాగం దాటిపోతుంది. చాలా పర్వతాల మీద వేసవి ఉరుములు మధ్యాహ్నం తర్వాతే వస్తాయి. పైగా రెండు గంటలు మిగులుతాయి.

ఇదంతా ఒక కాగితం మీద రాయండి: ఏ దారి, ఎవరెవరు, ఎన్నింటికి మొదలు, ఎన్నింటికి వెనుదిరగడం, ఎన్నింటిలోగా ఫోన్ చేస్తారు, చేయకపోతే ఎవరికి చెప్పాలి. ట్రెక్‌కి రాని ఒక మనిషి చేతిలో ఆ కాగితం పెట్టండి.

## 3. ఎనిమిది వారాల సాధన: దిగేటప్పుడు లిఫ్ట్ వద్దు

మెట్లెక్కి సాధన చేసేవాళ్లలో చాలామంది చేసే తప్పు ఒకటుంది. పైకి మెట్లెక్కుతారు, కిందికి లిఫ్ట్‌లో వస్తారు. మోకాళ్లకి మంచిదనుకుంటారు. దాంతో కొండ మీద మూడు గంటలు చేయాల్సిన పనికి కాళ్లకి అలవాటే లేకుండా పోతుంది.

దిగేటప్పుడు తొడ ముందు కండరాలు సాగుతూనే మీ బరువుని ఆపుతుంటాయి. అలవాటు లేని కండరానికి ఆ పని నొప్పి తెస్తుంది. ఆ నొప్పి వెంటనే రాదు, ఒకటి నుంచి మూడు రోజుల్లో బాగా ముదురుతుంది. మంచి మాటేమిటంటే కండరం దీనికి చాలా త్వరగా అలవాటు పడుతుంది. కొన్నిసార్లు వాలు దిగి ఉంటే, ఆ తర్వాత కొన్ని వారాల దాకా అదే దిగుడు అంత బాధపెట్టదు.

ఒక అంతస్తు సుమారు 3 మీటర్లు అనుకోండి. 20 అంతస్తులు ఎక్కి దిగితే 60 మీటర్లు.

- 1, 2 వారాలు: వారానికి మూడు రోజులు 45 నిమిషాల చురుకైన నడక. రెండు రోజులు 20 అంతస్తులు, బరువు లేకుండా, ఎక్కడం దిగడం రెండూ.
- 3, 4 వారాలు: మెట్లు 40 అంతస్తులకి. వారాంతంలో రెండు గంటలు ఎగుడుదిగుడు దారిలో నడక, ట్రెక్‌కి వాడబోయే బూట్లతోనే.
- 5, 6 వారాలు: బ్యాగులో 4 కిలోలు పెట్టి 60 నుంచి 80 అంతస్తులు. వారాంతపు నడక నాలుగు గంటలు.
- 7వ వారం: మీరు ఎక్కబోయే ఎత్తులో సగం ఒకేసారి. 1,000 మీటర్లు ఎక్కాల్సి ఉంటే ఇది సుమారు 165 అంతస్తులు. చిన్న కొండ అందుబాటులో ఉంటే మెట్ల బదులు అదే మేలు.
- 8వ వారం: తగ్గించండి. తేలిక నడక మాత్రమే. చివరి మూడు రోజులు మెట్ల జోలికి వెళ్లకండి.

వీటికి తోడు ఒక వ్యాయామం తప్పకుండా చేయండి. మోకాలి కంటే తక్కువ ఎత్తుండే మెట్టు మీద ఒక కాలితో నిలబడండి. రెండో మడమను ముందువైపు నేలకి నెమ్మదిగా, మూడు అంకెలు లెక్కపెడుతూ దించండి. నేలకి తగిలీ తగలగానే మళ్లీ పైకి. కాలికి పదేసి చొప్పున మూడు దఫాలు. నిలబడిన మోకాలు లోపలికి వాలకుండా బొటనవేలి దిశలోనే ఉండాలి. వాలుతోందంటే మెట్టు ఎత్తు తగ్గించండి. పక్కనున్నవాళ్లకి ఇది వ్యాయామంలా కూడా అనిపించదు, కానీ కొండ మీద ప్రతి అడుగూ ఇదే.

సాధనలో మోకాలి కీలు లోపల పొడిచినట్టు నొప్పి వస్తే ఆపేయండి. కండరం పులిసిన నొప్పి వేరు, కీలు నొప్పి వేరు.

## 4. బూట్లు, సాక్సులు, గోళ్లు

ఒక ట్రెక్‌లో శిఖరం మీద కాళ్లకి హాయిగా ఉంటుందని లేసులు వదులు చేసుకున్నాను, దిగేముందు మళ్లీ బిగించలేదు. మూడు గంటల పాటు ప్రతి అడుగుకీ బొటనవేళ్లు బూటు ముందు గోడకి కొట్టుకున్నాయి. కిందికి వచ్చి సాక్సు తీస్తే రెండు గోళ్లూ నల్లగా అయిపోయి ఉన్నాయి. కొత్త గోళ్లు పూర్తిగా రావడానికి ఏడాది దాటింది. అప్పటినుంచి బూట్ల విషయంలో నేను ఏదీ వదిలిపెట్టను.

కొనేటప్పుడు: సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. ట్రెక్‌కి వేసుకునే సాక్సులతోనే వేసి చూడండి. వాలుగా ఉన్న బల్ల మీద వేళ్లు కిందికి ఉండేలా నిలబడి పాదాన్ని ముందుకి తోయండి. వేళ్లు ముందు గోడకి తగిలితే ఆ సైజు వద్దు. అడుగు పట్టు లోతుగా ఉండాలి. పాత బూట్లయితే అడుగు ఊడిపోతోందేమో వంచి చూడండి.

అలవాటు చేయడం: కొత్త బూట్లతో కనీసం 40, 50 కిలోమీటర్లు నడిచాకే కొండకి.

సాక్సులు: ఊలువి గానీ సింథటిక్‌వి గానీ. నూలు సాక్సు చెమట పీల్చి తడిగానే ఉండిపోతుంది, తడి చర్మం రాపిడికి బొబ్బలెక్కుతుంది.

గోళ్లు: రెండు మూడు రోజుల ముందే పొట్టిగా, అడ్డంగా కత్తిరించండి. ముందురోజు రాత్రి కత్తిరిస్తే, లోతుగా తెగిన గోరు మర్నాడంతా బాధపెడుతుంది.

దిగేముందు లేసు కట్టే పద్ధతి: బండ మీద కూర్చుని మడమను నేలకేసి రెండుసార్లు తట్టండి, పాదం వెనక్కి సర్దుకుంటుంది. కింది నుంచి లేసు వదులంతా పైకి లాగండి. చీలమండ దగ్గర, పై నుంచి రెండో కొక్కెం దాటాక, లేసుని అదే వైపున్న పై కొక్కేనికి నిలువుగా తగిలించి చిన్న ఉచ్చు చేయండి. రెండో వైపూ అంతే. ఇప్పుడు కుడి లేసుని ఎడమ ఉచ్చులోంచి, ఎడమ లేసుని కుడి ఉచ్చులోంచి దూర్చి కిందికీ బయటికీ లాగి ముడేయండి. మడమ బిగుసుకుంటుంది, వేళ్లు ఆడుతూనే ఉంటాయి. ఇంట్లో నాలుగుసార్లు చేస్తే చేతికి వచ్చేస్తుంది.

## 5. బట్టలు, బ్యాగు

ఎత్తు పెరిగే కొద్దీ ప్రతి 1,000 మీటర్లకి సగటున 6.5 డిగ్రీల చలి పెరుగుతుంది. గట్టు మీద గాలి దానికి అదనం. చెమటతో తడిసిన చొక్కాతో గాలిలో కూర్చుంటే పది నిమిషాల్లో వణుకు మొదలవుతుంది. నూలు బట్టలు ఇంటి దగ్గరే ఉంచి, ఒంటికి త్వరగా ఆరే చొక్కా, దానిపైన వెచ్చటిది ఒకటి, అన్నిటిమీదా గాలీ వానా ఆపే జాకెట్ అని మూడు పొరలు పెట్టుకోండి. బయల్దేరేటప్పుడు కాస్త చలి అనిపించాలి. వెచ్చగా ఉంటే పావుగంటలో తడిసిపోతారు.

ఎండ కూడా పైకి పోయే కొద్దీ ఘాటెక్కుతుంది. అతినీలలోహిత కిరణాలు ప్రతి 1,000 మీటర్లకి దాదాపు 10 శాతం పెరుగుతాయి. చల్లగా ఉంది కదా అని టోపీ, సన్‌స్క్రీన్ మానొద్దు.

20 నుంచి 30 లీటర్ల బ్యాగు చాలు. నీళ్లతో కలిపి మీ బరువులో పదో వంతు దగ్గర ఉంచండి.

బ్యాగు చెక్‌లిస్టు:

- నీళ్లు: నడిచే గంటకి అర లీటరు చొప్పున, ఎండాకాలం ఇంకా ఎక్కువ
- ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు మూడు
- తిండి, అనుకున్నదానికంటే ఒక పూట ఎక్కువ
- హెడ్‌ల్యాంప్, విడి బ్యాటరీలు (ఫోన్ లైటు దీనికి బదులు కాదు; దిగేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి)
- వాన జాకెట్, వెచ్చటి పొర, టోపీ
- బొబ్బలకి టేపు, బ్యాండేజీ, క్రేప్ బ్యాండేజీ, మీరు రోజూ వాడే మందులు
- విజిల్
- పలచటి వెండిరంగు ఎమర్జెన్సీ దుప్పటి
- కాగితపు మ్యాప్, ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్, పవర్ బ్యాంక్
- విడి సాక్సులు, చెత్తకి ఒక కవరు
- ట్రెక్కింగ్ కర్రలు రెండు

హెడ్‌ల్యాంప్ బ్యాగు అడుగున పెట్టకండి. చీకట్లో దాన్ని వెతకడానికి ఇంకో లైటు కావాల్సి వస్తుంది.

## 6. తిండి, నీళ్లు: ఆకలిని కాదు, గడియారాన్ని చూడండి

ఎక్కేటప్పుడు ఆకలి చచ్చిపోతుంది. అందుకే తినాలనిపించే దాకా ఆగితే ఆలస్యమైపోతుంది. ప్రతి 45 నిమిషాలకి ఒక గుప్పెడు: ఖర్జూరం, ఎండుద్రాక్ష, పల్లీలు, బిస్కెట్లు, అరటిపండు. గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అందితే కాళ్లు ఆడతాయి. పొట్ట నిండా భోజనం శిఖరం మీద కూడా వద్దు. కొత్త రకం తిండిని ఆ రోజు ప్రయత్నించొద్దు.

నీళ్లు గుక్కలు గుక్కలుగా తాగండి. గంటల తరబడి చెమట కారుతుంటే ఉప్పు లేకుండా ఉత్త నీళ్లే అతిగా తాగడమూ ప్రమాదమే, రక్తంలో సోడియం పడిపోతుంది. ఓఆర్ఎస్ ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్లలో ఆరు సమతల టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు.

శిఖరం చేరేసరికి సగం నీళ్లకి తక్కువ కాకుండా మిగిలి ఉండాలి. అవి దిగడానికి.

## 7. ఎక్కేటప్పుడు

మొదటి అరగంట మీకే విసుగొచ్చేంత నెమ్మదిగా నడవండి. పక్కవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. రెండేసి మాటలకి ఊపిరి తీసుకోవాల్సి వస్తే వేగం ఎక్కువైనట్టే. ఇరవై నిమిషాల తర్వాత ఒకసారి ఆగి లేసులు, బ్యాగు పట్టీలు సరిచేసుకోండి. కాల్లో ఎక్కడైనా వేడిగా మండినట్టుంటే అప్పుడే టేపు వేయండి. బొబ్బ లేచాక వేస్తే అంత ఉపయోగం ఉండదు.

వాలు నిటారైన చోట ఇలా నడవండి. ముందు కాలు వేయండి, కానీ బరువు దానిమీద పెట్టకండి. వెనక మోకాలిని నిటారుగా ఉంచి, బరువంతా ఆ ఎముకల మీద నిలిపి ఒక్క క్షణం ఆగండి. తొడ కండరానికి ఆ క్షణం విశ్రాంతి. ఊపిరి వదులుతూ ముందు కాలి మీదికి లేవండి. ఒక అడుగు, ఒక ఊపిరి. ఇలా ఆగకుండా గంటసేపు ఎక్కొచ్చు. పరుగున పోయి రొప్పుతూ కూలబడేవాళ్లని మీరు మెల్లగా దాటిపోతారు.

దారి చీలిన ప్రతిచోటా వెనక్కి తిరిగి చూడండి, ఫోటో తీయండి. దిగేటప్పుడు మీకు కనబడేది ఆ దృశ్యమే, ఎక్కేటప్పుడు చూసింది కాదు. చాలామంది దారి తప్పేది ఇక్కడే.

బండలు పాకే చోట రెండు చేతులు, రెండు కాళ్లలో మూడు ఎప్పుడూ రాయిని పట్టుకునే ఉండాలి, ఒక్కటే కదలాలి. పట్టుకునే రాయిని ముందు కదిపి చూడండి. ఒకరికి సరిగ్గా కింద ఇంకొకరు ఎక్కకండి. రాయి జారితే సిగ్గుపడకుండా "రాయి!" అని గట్టిగా అరవండి. దిగగలనని నమ్మకం లేని చోటికి ఎక్కొద్దు.

గుంపులో అందరికంటే నెమ్మదిగా నడిచేవారిదే గుంపు వేగం. వారు వచ్చేదాకా ఆగి, రాగానే లేచి నడవడం చాలామంది చేస్తారు. అలా చేస్తే విశ్రాంతి అవసరమైన ఆ ఒక్కరికే విశ్రాంతి దొరకదు.

## 8. వెనక్కి తిరగాల్సిన సూచనలు

- వెనుదిరిగే సమయం దాటింది
- మెరుపు కనిపించి 30 సెకన్లలోపు ఉరుము వినిపించింది. పిడుగు 10 కిలోమీటర్ల లోపే ఉంది. గట్టు దిగండి, ఒంటరి చెట్టు కింద నిలబడకండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాల దాకా పైకి వెళ్లొద్దు
- ఎవరికైనా వణుకు ఆగడం లేదు, మాట తడబడుతోంది, అడుగు తూలుతోంది
- 2,500 మీటర్ల పైన తలనొప్పితో పాటు వికారమో, తల తిరగడమో మొదలైంది. దీనికి ముఖ్యమైన మందు కిందికి దిగడమే
- చెమట పట్టే ఎండలో మనిషి అయోమయంగా మాట్లాడుతున్నారు. నీడలో పడుకోబెట్టి, ఒళ్లు తడిపి విసురుతూ వెంటనే సాయం కోసం ప్రయత్నించండి
- సగం కంటే ఎక్కువ నీళ్లు అయిపోయాయి, శిఖరం ఇంకా రాలేదు

## 9. దిగడం

శిఖరం మీద ఫోటోలు అయ్యాక, కదిలేముందు ఐదు నిమిషాలు ఈ వరసలో: వెచ్చటి పొర తీయడం, ఏదైనా తినడం, నీళ్లు తాగడం, లేసులు పైన చెప్పినట్టు కట్టడం, కర్రల పొడవు 5 నుంచి 10 సెంటీమీటర్లు పెంచడం, హెడ్‌ల్యాంప్ పై జేబులోకి మార్చడం.

భయంతో వెనక్కి వాలి మడమల మీద దిగడం అందరూ చేసే తప్పు. బరువు వెనక్కి పోగానే మడమ జారి కూర్చుండిపోతారు. మోకాళ్లు కొంచెం వంచి, ఒళ్లు పాదాల మీదే ఉండేలా చిన్న చిన్న అడుగులు వేయండి. కర్రలు ముందు నాటి, తర్వాత కాలు. కంకర మీద నేరుగా దిగకుండా అడ్డంగా వంకర్లు తిరుగుతూ రండి. నిటారు బండ దగ్గర కర్రలు మడిచి బ్యాగులో పెట్టి, ముఖం రాయివైపు తిప్పి, నిచ్చెన దిగినట్టు దిగండి.

దిగేటప్పుడు కూడా గంటకోసారి ఆగండి. చివరి కిలోమీటరులో "ఇంకేముంది, వచ్చేశాం" అనిపించినప్పుడు వేగం తగ్గించండి, పెంచకండి. తొడలు వణకడం మొదలైతే అడుగు ఇంకా చిన్నది చేసి, రెండు నిమిషాలు కూర్చుని, తీపి ఏదైనా తినండి.

## 10. ఏదైనా జరిగితే

అందరూ కలిసే ఉండండి. గాయపడినవారిని నేల చలి తగలకుండా బ్యాగు మీద కూర్చోబెట్టి దుప్పటి కప్పండి. చీలమండ బెణికితే బూటు విప్పకండి. వాచాక మళ్లీ వేసుకోలేరు. బూటు పైనుంచే క్రేప్ బ్యాండేజీ చుట్టండి.

అత్యవసర నంబరు ముందే ఫోన్‌లో పెట్టుకోండి. చాలా దేశాల్లో 112 పనిచేస్తుంది. మీ నెట్‌వర్క్ లేకపోయినా వేరే నెట్‌వర్క్ అందితే ఈ కాల్ వెళ్లే వీలుంది. విజిల్‌తో పిలిచే అంతర్జాతీయ పద్ధతి నిమిషానికి ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదడం. రాత్రయితే లైటుతో అలాగే. జవాబు నిమిషానికి మూడుసార్లు వస్తుంది. జవాబు వచ్చాక కూడా వారు మీ దగ్గరికి చేరేదాకా ఊదుతూనే ఉండండి.

## 11. ముందురోజు రాత్రి

- వాతావరణ సూచన మళ్లీ చూశారా? కింది ఊరిది కాదు, శిఖరం ఎత్తుకి సంబంధించింది
- ఫోన్, పవర్ బ్యాంక్, హెడ్‌ల్యాంప్ మూడూ చార్జింగ్ నిండాయా? ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో మ్యాప్ తెరుచుకుంటోందా?
- వెనుదిరిగే సమయం గుంపులో అందరూ ఒప్పుకున్నారా?
- కాగితం ఇవ్వాల్సిన మనిషికి ఇచ్చారా?

కిందికి చేరాక బూట్లు విప్పకముందే ఒక పని ఉంది. ఆ కాగితం పట్టుకుని ఎదురు చూస్తున్న మనిషికి ఫోన్ చేసి "అందరం దిగాం" అని చెప్పండి.